జీఎఫ్-2 అంటే ఎవరు? యూనివర్సిటీ లెక్కల్లో కనపడని లెక్చరర్ల గురించి

పోయినేడు నాకు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కావాల్సొచ్చింది. హైదరాబాద్‌లోనే ఒక యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌లో పదకొండు సెమిస్టర్లు స్టాటిస్టిక్స్ చెప్పాను, గంటల లెక్కన, అంటే అవర్లీ బేసిస్ మీద. అప్లికేషన్ పట్టుకుని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌కి వెళ్తే అక్కడున్నాయన పాపం మర్యాదగానే రెండుసార్లు కంప్యూటర్‌లో వెతికి, "మేడమ్, మీ పేరు మా దగ్గర లేదు, రెగ్యులర్ వాళ్లవి ఉంటయి, కాంట్రాక్టోళ్లకు ఫైల్ ఉంటది, మీ అవర్లీ వాళ్లవి డిపార్ట్‌మెంట్ల అడగాలె" అన్నాడు. డిపార్ట్‌మెంట్‌లో పాత టైంటేబుళ్లు ఉన్నాయి, కానీ వాటిలో నా పేరు లేదు. రెగ్యులర్ సార్లకి ఇనీషియల్స్ వేస్తారు, మాకు జీఎఫ్-1, జీఎఫ్-2, జీఎఫ్-3, గెస్ట్ ఫ్యాకల్టీ అని. ఏ సంవత్సరం నేను జీఎఫ్-2నో, ఏ సంవత్సరం జీఎఫ్-3నో చెప్పేవాళ్లు అక్కడ ఎవరూ లేరు, హెచ్‌ఓడీలు, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్లు, ముగ్గురు మారిపోయారు. అకౌంట్స్‌లో నా బిల్లులున్నాయి గానీ పేరు వారీగా కాదు, వోచర్ నంబర్ వారీగా, నెలకో కట్ట, తాడుతో కట్టి. ఎగ్జామ్ బ్రాంచ్‌లో మాత్రం నా సంతకాలు దొరికాయి, పేపర్లు దిద్దినందుకు రిమ్యూనరేషన్ రిజిస్టర్‌లో.

అంటే ఒక్క మనిషిని మూడు గదుల్లో మూడు ముక్కలుగా ఉన్నాను, ఆ ముక్కల్ని కలిపే రిజిస్టర్ మాత్రం ఎక్కడా లేదు. నా సర్టిఫికెట్ సంగతి తర్వాత చెప్తాను. అసలు నేను రాయాలనుకున్నది ఏంటంటే, మన యూనివర్సిటీల్లో పర్మనెంట్ కాని లెక్చరర్లు ఎంతమంది, ఎన్ని క్లాసులు చెప్తున్నారు, ఎంతకి చెప్తున్నారు అని అడిగితే ఎందుకు సరైన జవాబు రాదు, రావాలంటే ఏం చెయ్యాలి అని. ఎవరో కావాలని దాచిపెడుతున్నారని చాలామంది అనుకుంటారు, కొన్నిచోట్ల అదీ ఉండొచ్చు గానీ, నాకర్థమైనంత వరకు అసలు సమస్య అంతకన్నా మామూలుది, అందుకే అంత మొండిది. లెక్కపెట్టే ప్రశ్నే తప్పుగా ఉంది.

ముందు పేర్ల దగ్గరే చిక్కు. ఒకచోట కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ అంటారు, ఇంకోచోట పార్ట్‌టైమ్ లెక్చరర్, గెస్ట్ ఫ్యాకల్టీ, టీచింగ్ అసిస్టెంట్, ఆంధ్రాలో కొన్ని యూనివర్సిటీల్లో అకడమిక్ కన్సల్టెంట్ అంటారు. పేరు ఒకటే అయినా పని ఒకటి కాదు, పని ఒకటే అయినా పేరు ఒకటి కాదు. పార్ట్‌టైమ్ అని ఆర్డర్‌లో ఉన్నాయన పొద్దున తొమ్మిదిన్నరకొచ్చి సాయంత్రం దాకా ఉండి ప్రాక్టికల్స్, ఇంటర్నల్స్, అడ్మిషన్ల పని కూడా చేస్తుంటాడు. గెస్ట్ అన్న మాట అసలు ఎవరికోసం పుట్టిందంటే, బయట ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ వారానికో క్లాసు చెప్పి వెళ్లే పెద్దమనిషి కోసం. ఇప్పుడు అదే మాట పన్నెండేళ్లుగా అదే గదిలో అదే పేపర్ చెప్పేవాళ్లకి కూడా వాడుతున్నాం.

ఇక దేశం మొత్తానికి ఉన్న పెద్ద లెక్క చూద్దాం. కేంద్ర విద్యాశాఖ 2010-11 నుంచి ఏఐఎస్‌హెచ్‌ఈ అనే సర్వే చేస్తోంది, వాడుకలో ఐషే అంటుంటారు. 2021-22 రిపోర్ట్ ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో టీచర్లు 15.98 లక్షల మంది. ఇంత పెద్ద దేశంలో కాలేజీ కాలేజీకీ వివరాలు తెప్పించడం చిన్న పని కాదు, ఆ సర్వే లేకపోతే మనకి ఏమీ తెలిసేది కాదు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ రిపోర్ట్‌లో టీచర్ల టేబుల్ చూడండి, ప్రొఫెసర్, రీడర్ లేదా అసోసియేట్ ప్రొఫెసర్, లెక్చరర్ లేదా అసిస్టెంట్ ప్రొఫెసర్, ఆ పక్కనే టెంపరరీ టీచర్, విజిటింగ్ టీచర్ అని అదే వరసలో వస్తాయి. కిరాణా కొట్టు ఖాతాలో బియ్యం, పప్పు, నూనె, అప్పు అని ఒకే వరసలో రాసినట్టు ఉంటుంది అది. హోదా ఏంటి అన్నది ఒక ప్రశ్న, ఉద్యోగం ఏ రకం అన్నది ఇంకో ప్రశ్న. కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని ఒక కాలేజీ వాళ్లు అసిస్టెంట్ ప్రొఫెసర్ కింద వేస్తారు, ఇంకో కాలేజీ వాళ్లు టెంపరరీ కింద వేస్తారు, ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టలేం. కానీ ఆ రెండింటినీ కూడి శాతం తీస్తే వచ్చే అంకె దేనికీ పనికిరాదు.

దీనికి తోడు మిగతా ఫారాలు. విద్యాసంస్థలకి కేంద్రం ఇచ్చే ర్యాంకులు, 2016లో మొదలైన ఎన్ఐఆర్ఎఫ్‌లో ఫ్యాకల్టీ స్టూడెంట్ నిష్పత్తికి మార్కులుంటాయి, అక్కడ కాంట్రాక్ట్, అడ్‌హాక్ వాళ్లు ఆ విద్యాసంవత్సరంలో రెండు సెమిస్టర్లూ చెప్పుంటే లెక్కలోకి వస్తారు. కాలేజీలకి, యూనివర్సిటీలకి గ్రేడులిచ్చే న్యాక్‌లో ఫుల్‌టైమ్ టీచర్ అంటే, ఏడాది పొడుగునా మామూలు పనిగంటల్లో కనీసం 90 శాతం పనిచేసినవాళ్లు. అదే యూనివర్సిటీ రేపు ప్రభుత్వానికి పోస్టులు శాంక్షన్ చెయ్యమని లెటర్ రాస్తే అందులో అదే మనిషి కూర్చున్న కుర్చీ ఖాళీ. ర్యాంకు అడిగినప్పుడు ఉన్నాడు, పోస్టు అడిగినప్పుడు లేడు, రెగ్యులర్ జీతం స్కేలు అడిగితే మళ్లీ గెస్టు. ఏ ఫారంలోనూ అబద్ధం రాయలేదు, ఒక్కో ఫారం మనిషిని ఒక్కోలా నిర్వచించింది, అంతే. ఈ సంగతి తెలియకపోతే పేపర్లో వచ్చే ఖాళీల సంఖ్యకీ, వెబ్‌సైట్‌లో కనపడే ఫ్యాకల్టీ సంఖ్యకీ పొంతన ఎందుకు ఉండదో ఎప్పటికీ అర్థం కాదు.

రూలు ఉంది కదా అని అడుగుతారు. ఉంది, యూనివర్సిటీలకి నియమాలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లో కాంట్రాక్ట్ నియామకాలు మొత్తం ఫ్యాకల్టీ పోస్టుల్లో 10 శాతం దాటకూడదనీ, వాళ్లకిచ్చే నెల మొత్తం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రాస్ జీతం కంటే తక్కువ ఉండకూడదనీ రాశారు. 2025 జనవరిలో బయటపెట్టిన డ్రాఫ్ట్‌లో ఆ 10 శాతం పరిమితిని తీసేశారు, దాని మీద గొడవ వేరే. నా బాధేంటంటే ఆ పరిమితి ఉన్నన్నాళ్లూ దాన్ని కొలిచే సరైన పద్ధతి లేదు, కొలవలేని రూలు ఉన్నా లేకపోయినా క్లాస్‌రూంలో తేడా తెలియదు.

ఎందుకు కొలవలేమో ఒక లెక్క చేసి చూపిస్తా, నేను ఊహించుకున్న డిపార్ట్‌మెంట్ ఇది, ఎక్కడిదీ కాదు. శాంక్షన్డ్ పోస్టులు 20. రెగ్యులర్ వాళ్లు 6, కాంట్రాక్ట్ 5, అవర్లీ 7, మొత్తం 18 మంది. ఇప్పుడు కాంట్రాక్ట్ శాతం ఎంత? శాంక్షన్డ్ పోస్టుల మీద చూస్తే 25. పనిచేస్తున్న మనుషుల మీద చూస్తే దాదాపు 28. పర్మనెంట్ కానివాళ్లందర్నీ కలిపితే 67. ఇవన్నీ తలల లెక్క. ఇప్పుడు వారానికి క్లాసు గంటలు వెయ్యండి. రెగ్యులర్ ఆరుగురిలో నలుగురు 14 గంటల చొప్పున చెప్తారు, మిగతా ఇద్దరికి హెచ్‌ఓడీ, డైరెక్టర్ లాంటి బాధ్యతలున్నాయి కాబట్టి ఆరేసి గంటలు, మొత్తం 68. కాంట్రాక్ట్ వాళ్లు అయిదుగురు 18 చొప్పున 90. అవర్లీ ఏడుగురు ఆరేసి గంటలు, 42. అన్నీ కలిపి 200 గంటలు. అందులో రెగ్యులర్ వాటా 34 శాతం, కాంట్రాక్ట్ 45, అవర్లీ 21.

ఇప్పుడు చూడండి, తలలు లెక్కపెడితే అవర్లీ వాళ్లు 39 శాతం, గంటలు లెక్కపెడితే 21. కాంట్రాక్ట్ వాళ్లు తలల్లో 28, గంటల్లో 45. అంటే తలల లెక్క గంటల వాళ్లని ఎక్కువ చూపిస్తుంది, అసలు డిపార్ట్‌మెంట్‌ని భుజాల మీద మోసేవాళ్లని తక్కువ చూపిస్తుంది. ఒక ఫస్టియర్ పిల్లవాడి వైపు నుంచి చూస్తే వాడు కూర్చునే ప్రతి మూడు క్లాసుల్లో రెండింటిని ఉద్యోగ భద్రత లేని మనిషి చెప్తున్నాడు. నా దృష్టిలో అడగాల్సిన ప్రశ్న అదే, ఎంతమంది ఉన్నారు అని కాదు, ఏ క్లాసు ఎవరు చెప్తున్నారు అని. క్లాసుని యూనిట్‌గా పెట్టుకుంటే పేర్ల గొడవ సగం తగ్గుతుంది, ఎందుకంటే టైంటేబుల్ ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఉంటుంది, అది లేకుండా యూనివర్సిటీ ఒక్క రోజు కూడా నడవదు.

తలల లెక్కలో ఇంకో చిక్కు కూడా ఉంది. నాకు బాగా దగ్గరైన అక్క ఒకామె, పొద్దున విద్యానగర్ వైపు ఒక డిగ్రీ కాలేజీలో రెండు క్లాసులు చెప్పి, మధ్యాహ్నం ఘట్‌కేసర్ దగ్గర ఇంకో కాలేజీలో మూడు గంటలు చెప్పేది. ఉప్పల్‌లో బస్సు మారేటప్పుడు సీటు దొరికితే అక్కడే టిఫిన్ బాక్స్ మూత తీసేది, దొరకకపోతే ఆ రోజు అన్నం నాలుగింటికే. రెండు కాలేజీలూ పంపిన లెక్కల్లో ఆమె ఇద్దరు టీచర్లు. రెండు కాలేజీల డబ్బూ కలిపినా ఒక ఉద్యోగం జీతం కాదు. లిస్టులో ఇద్దరు గెస్టు లెక్చరర్లు ఉన్నారు అని చదివినవాడికి ఆ బస్సు ప్రయాణం ఎలా తెలుస్తుంది?

డబ్బు లెక్క కూడా అంతే మోసం చేస్తుంది. యూజీసీ 2019 జనవరిలో గెస్ట్ ఫ్యాకల్టీకి ఒక్కో లెక్చర్‌కి 1,500 రూపాయలు, నెలకి 50 వేలకి మించకుండా అని చెప్పింది. వినడానికి బాగానే ఉంది, కానీ రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఏడో పే కమిషన్‌లో మొదలయ్యే బేసిక్ ఒక్కటే 57,700. పైగా ఆ 50 వేలు గరిష్ఠం. వారానికి ఆరు గంటలు దొరికిన మనిషికి, ఏడాదికి యూజీసీ చెప్పిన 180 బోధన దినాలు, అంటే 30 వారాలు పూర్తిగా జరిగాయనుకుందాం, 180 గంటలు, 2,70,000 రూపాయలు, పన్నెండు నెలలకి పంచితే నెలకి 22,500. అది పూర్తి రేటు ఇస్తే. నాకు దాంట్లో సగం కూడా రాలేదు, సెలవులకి లేదు, పరీక్షల నెలలకి లేదు, సమ్మె జరిగి క్లాసు పోతే ఆ గంటా లేదు, ఇంటర్నల్ పేపర్లు దిద్దిన రాత్రులకి అసలే లేదు. కాబట్టి గంటకెంత అని అడిగే సర్వేకి ఒక జవాబు వస్తుంది, గడిచిన పన్నెండు నెలల్లో నీ అకౌంట్‌లో మొత్తం ఎంత పడింది, ఏ ఏ నెలల్లో పడలేదు అని అడిగితే పూర్తిగా వేరే జవాబు వస్తుంది. అడగాల్సింది రెండోది.

ఆ డబ్బు యూనివర్సిటీ పుస్తకాల్లో ఎక్కడ కూర్చుంటుంది అన్నదీ ముఖ్యమే. 2026 మార్చి దాకా అమల్లో ఉన్న 1961 ఆదాయపన్ను చట్టం ప్రకారం, జీతం అయితే సెక్షన్ 192 కింద పన్ను కోత, పేరుతో సహా రికార్డు. గంటల డబ్బుని ప్రొఫెషనల్ ఫీజు కింద చూపిస్తే 194జె కింద కోత, పుస్తకాల్లో ఒక సర్వీసు కొన్నట్టు. సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4(1)(బి)లోనే ప్రతి అధికారి, ఉద్యోగి నెల జీతం ఎవరూ అడక్కుండానే బయటపెట్టాలని ఉంది, మరి గంటల లెక్కన వచ్చే మనిషి ఉద్యోగేనా? ఆ ఒక్క మాటని ఆఫీసు ఎలా చదువుకుంటే లిస్టు అంత పొడుగు.

ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీల్లో బొమ్మ తిరగబడుతుంది. అక్కడ సాంకేతిక విద్యకి నియమాలు పెట్టే ఏఐసీటీఈ చెప్పిన నిష్పత్తి 20 మంది విద్యార్థులకి ఒక టీచర్, 2018కి ముందు అది 15కి ఒకరు. అనుబంధ గుర్తింపు రావాలంటే ఆ సంఖ్య చూపించాలి, కాబట్టి అక్కడ పేర్లు ఎక్కువ, మనుషులు తక్కువ. 2024లో తమిళనాడులో అన్నా యూనివర్సిటీ అనుబంధ కాలేజీల్లో ఒకే లెక్చరర్ పేరు ఎన్నో కాలేజీల లిస్టుల్లో ఉందని బయటపడి పెద్ద గొడవైంది, మన దగ్గర ఇన్‌స్పెక్షన్ రోజుల్లో కాలేజీల్లో కనపడే కొత్త మొహాల గురించి ఇంజినీరింగ్ చదివిన ఏ పిల్లవాడిని అడిగినా చెప్తాడు. ప్రభుత్వ యూనివర్సిటీలో మనిషి ఉన్నాడు కాగితం లేదు, అక్కడ కాగితం ఉంది మనిషి లేడు. ఈ రెండు రకాల తప్పుల్ని ఒకే టోటల్‌లో కలిపి రాష్ట్రంలో ఇంతమంది టీచర్లు అంటే ఏం నమ్మాలి?

అమెరికాలో అన్నీ బాగుంటాయని మనవాళ్లకి ఒక నమ్మకం, ఈ విషయంలో మాత్రం వాళ్లదీ ఇదే కథ, కాస్త ముందునుంచి మొదలైంది. అక్కడ పర్మనెంట్‌ని టెన్యూర్ అంటారు, కొన్నేళ్ల ప్రొబేషన్ తర్వాత గట్టి కారణం లేకుండా తీసెయ్యలేని రక్షణ అది, 1940లో ప్రొఫెసర్ల సంఘం ఏఏయూపీ, కాలేజీల సంఘం కలిసి చేసిన ప్రకటన దానికి ఆధారం. ఆ ఏఏయూపీనే ప్రభుత్వ డేటా తీసుకుని లెక్కేస్తే 1987లో దాదాపు 47 శాతం ఫ్యాకల్టీ టెన్యూర్ బయట ఉండేవాళ్లు, 2021కి 68 శాతం అయ్యారు. ఈ అంకె చెప్పగలిగారంటే కారణం ఐపెడ్స్ అనే సర్వే, ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్ కావాలంటే ప్రతి కాలేజీ అది నింపాల్సిందే, అందులో టెన్యూర్ ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న, ఫుల్‌టైమా పార్ట్‌టైమా అన్నది వేరే ప్రశ్న. మన టేబుల్‌లో కలిసిపోయినవి అక్కడ విడివిడిగా అడుగుతారు, చూడటానికి చిన్న తేడా.

కానీ ఐపెడ్స్ జీతాల వివరాలు ఫుల్‌టైమ్ టీచర్లవే అడుగుతుంది, పార్ట్‌టైమ్ వాళ్లవి అడగదు, రెండు కాలేజీల్లో చెప్పే మనిషి అక్కడా ఇద్దరే. నేరుగా టీచర్లనే అడిగే జాతీయ సర్వే ఒకటి ఉండేది, ఎన్ఎస్ఓపీఎఫ్ అని, 1988లో మొదలై 2004తో ఆగిపోయింది. ఆగాక ఏర్పడ్డ ఖాళీని పూడ్చడానికి కొన్ని అధ్యాపక సంఘాలు, సబ్జెక్ట్ సొసైటీలు కలిసి 2010లో సొంతంగా సర్వే చేశాయి, పార్ట్‌టైమ్ వాళ్లకి ఒక్కో మూడు క్రెడిట్ల కోర్సుకి మధ్యస్థంగా 2,700 డాలర్లు వస్తున్నాయని తేలింది. ఇష్టమున్నవాళ్లు నింపిన సర్వే అది, లాటరీ తీసినట్టు ఎంచిన శాంపిల్ కాదు, స్టాటిస్టిక్స్ చెప్పినదాన్ని కాబట్టి ఆ తేడా చెప్పకుండా ఉండలేను. అయినా ఆ ఒక్క అంకెని ఏళ్ల తరబడి అందరూ వాడారు, ఇంకోటి లేదు కాబట్టి. ప్రభుత్వం సర్వే ఆపేస్తే ఏమవుతుందో అక్కడే చూడొచ్చు.

మన దగ్గర ఈ లెక్క లేకపోవడం వల్ల ఎవరికి దెబ్బ తగులుతుందో కోర్టు తీర్పులు చూస్తే తెలుస్తుంది. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు, టెంపరరీగా చేరినంత మాత్రాన పర్మనెంట్ అడిగే హక్కు రాదంటూనే, శాంక్షన్డ్ పోస్టుల్లో పదేళ్లు దాటి పనిచేసినవాళ్ల సంగతి ఒకసారికి పరిశీలించమంది. 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సమాన పనికి సమాన వేతనం టెంపరరీ వాళ్లకీ వర్తిస్తుందని చెప్పింది. 2025 ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీల కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్లకి, నెలకి 30 వేలతో నెట్టుకొస్తున్నవాళ్లకి, కనీస స్కేలు ఇవ్వాలంది. ఇవన్నీ మంచి మాటలే, కానీ ప్రతిదాంట్లోనూ కోర్టు అడిగేది ఒకటే, ఎప్పటి నుంచి, ఏ పోస్టులో, ఏ పని, ఎంత పని, రుజువేది. తెలంగాణలో 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్ట్ ఉద్యోగుల్ని రెగ్యులర్ చేశారు, అందులో 2,909 మంది జూనియర్ లెక్చరర్లు, 270 మంది డిగ్రీ లెక్చరర్లు. వాళ్లకి ఆర్డర్ కాపీలున్నాయి, తేదీలున్నాయి, పోస్టులున్నాయి. ఆ రెగ్యులరైజేషన్‌కి ఆధారమైన నిబంధనని 2024 నవంబర్‌లో హైకోర్టు కొట్టేసింది, అప్పటికే రెగ్యులర్ అయినవాళ్ల జోలికి పోలేదు. యూనివర్సిటీల్లో కాంట్రాక్ట్ వాళ్లు ఆ లిస్టులో లేరు, ఇక జీఎఫ్-2 అన్న పేరుతో పదేళ్లు చెప్పినవాళ్లు ఏ కాగితం పట్టుకుని ఏ కోర్టుకి వెళ్తారు?

మరి ఏం సేకరించాలి? నన్నడిగితే ప్రతి సెమిస్టర్ మొదటి నెలలో, టైంటేబుల్ ఖరారైన వారంలో, ప్రతి క్లాసుకి ఎదురుగా చెప్పేవాళ్ల అసలు పేరు, హోదా, ఉద్యోగం ఏ రకం, ఏ పోస్టు మీద లేదా విద్యార్థుల ఫీజుతోనే నడిచే ఏ సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు డబ్బు మీద, మొదటి ఆర్డర్ ఏ రోజుది, మధ్యలో ఎన్నిసార్లు బ్రేక్ ఇచ్చారు, ఇవి ఉంటే చాలు. ఆ బ్రేక్ కాలమ్ చాలా ముఖ్యం, రెన్యూవల్‌కి ముందు రెండు రోజులు సర్వీసు తెంపి మళ్లీ కొత్త ఆర్డర్ ఇవ్వడం అనేది డేటాలో కనపడకపోతే పదేళ్ల మనిషి ప్రతి ఏడూ కొత్తవాడిలాగే ఉంటాడు. జీతం వివరాలు అకౌంట్స్ నుంచి అదే మనిషి పేరుకి కలవాలి. ఎవరి రికార్డు వాళ్లు చూసుకుని తప్పుంటే దిద్దించుకునే వీలుండాలి, ఇది నేను గట్టిగా చెప్పే మాట, ఎందుకంటే తన గురించిన డేటా తప్పో ఒప్పో అందరికంటే ముందు తెలిసేది ఆ మనిషికే. బయటికి మాత్రం పేర్లు లేకుండా డిపార్ట్‌మెంట్ల వారీ మొత్తాలు ఇస్తే సరిపోతుంది, ముగ్గురున్న డిపార్ట్‌మెంట్‌లో ఎవరి జీతం ఎంతో అందరికీ తెలిసిపోకుండా చిన్నవాటిని కలిపి ఇవ్వాలి.

ఇంకోటి, పని పరిస్థితుల గురించి అడిగే ప్రశ్నలు హెచ్‌ఓడీ ద్వారా అడగకూడదు. ఒకసారి మా దగ్గర ఒక ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు, కూర్చోడానికి గది ఉందా, లైబ్రరీ కార్డు ఉందా, సమయానికి డబ్బు వస్తోందా అని. పైన పేరు రాయాలి, నింపి హెచ్‌ఓడీకే ఇవ్వాలి, వచ్చే నెల రెన్యూవల్ మీద సంతకం పెట్టేది ఆయనే. ఆయన మంచాయనే, ఆయన్ని అనడం లేదు. నాకు అప్పటికి నాలుగు నెలలుగా బిల్లు రాలేదు, లైబ్రరీ కార్డు లేదు, బ్యాగు సెమినార్ హాల్ బెంచీ మీద పెట్టుకునేదాన్ని. అన్నిటికీ అవును అని టిక్ పెట్టాను, పక్కనున్న ఇద్దరూ అంతే. ఆ ఫారాలు ఏ రిపోర్ట్‌లోకో వెళ్లుంటాయి, నూటికి నూరు శాతం సంతృప్తి అని.

ఇదంతా చెయ్యడానికి డబ్బెక్కడిది, సిబ్బంది ఎక్కడ అంటారు. ముక్కలన్నీ ఇప్పటికే ఉన్నాయి, నా కేసులో మూడు గదుల్లో ఉన్నాయని చూశాం కదా. ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఉన్నాయన చివరికి జాలిపడి, "మీరు తారీఖులు రాసుకొస్తే నేను వోచర్లు తీయిస్త మేడమ్" అన్నాడు. నా దగ్గర పాత లాంగ్ నోట్‌బుక్ ఉంది, ఏ రోజు ఏ క్లాసు ఏ టాపిక్ అని క్లెయిమ్ ఫారం కోసం రాసుకున్నది. దాన్ని పట్టుకుని అటెండర్ ఒకాయన, నేను స్టోర్ రూంలో కూర్చుని రెండు మధ్యాహ్నాలు కట్టలు విప్పాం. కొన్ని కట్టలు తడిసి అంటుకుపోయాయి, కొన్ని ఏళ్లవి ఆడిట్‌కి వెళ్లి తిరిగి రాలేదు.

మూడు వారాలకి సర్టిఫికెట్ వచ్చింది. అందుబాటులో ఉన్న రికార్డుల ప్రకారం అని మొదలుపెట్టి ఏడు సెమిస్టర్లు అని రాశారు. నా నోట్‌బుక్‌లో పదకొండున్నాయి.